సొంత కప్పా, షాపు గ్లాసా, కాగితం కప్పా? కాఫీ తాగేవారికి శుభ్రత లెక్కలు

దక్షిణ ఒడిశాలోని బరంపురం, రాయగడ, జయపురం లాంటి ఊళ్లలో ఇప్పుడు రెండు రకాల కాఫీ దొరుకుతోంది. తెలుగువాళ్ల టిఫిన్ హోటళ్లలో స్టీలు గ్లాసు, డబరాలతో ఇచ్చే డికాక్షన్ కాఫీ ఒకటి. యంత్రం మీద నురగ పట్టి ఇచ్చే కొత్త షాపుల కాఫీ మరొకటి. కోరాపుట్ కొండల్లో పండిన గింజల పేరు ఈ షాపుల్లో గర్వంగా వినిపిస్తుంది. కాఫీ ఏదైనా, పట్టుకెళ్లాలంటే చేతికి వచ్చేది కాగితం కప్పే. అది నచ్చనివారు ఇంటి నుంచి కప్పు తీసుకెళ్దామనుకుంటారు. వెంటనే అనుమానాలు మొదలవుతాయి. సంచిలో తిరిగిన కప్పు శుభ్రంగా ఉంటుందా? షాపువాళ్లు ముట్టుకుంటారా? మన కప్పు నుంచి వెనక నిలబడ్డవారికి ఏమైనా అంటుతుందా?

ఈ అనుమానాలు కొట్టిపారేయదగ్గవి కావు. సొంత కప్పు అన్నంత మాత్రాన శుభ్రం అయిపోదు. షాపు గ్లాసు అయినంత మాత్రాన మురికీ కాదు. చివరి గుక్క తాగాక ఎంతసేపటికి కడిగారు, ఏ నీటితో కడిగారు, మూతలో ఎన్ని సందులున్నాయి, కాఫీ పోసేవారు కప్పును ఎలా పట్టుకున్నారు అన్న నాలుగు విషయాలు చూసుకుంటే ఎంపిక చాలావరకు తేలిపోతుంది.

ముందు చూడవలసినవి

అన్నిటికన్నా ముఖ్యమైనది సమయం. మన వైపు కాఫీ అంటే పాలు, చక్కెర కలిసిన కాఫీ. కప్పు అడుగున మిగిలిన రెండు చుక్కలు సూక్ష్మజీవులకు మంచి ఆహారం. 5 డిగ్రీల సెల్సియస్ నుంచి 60 డిగ్రీల మధ్య అవి వేగంగా పెరుగుతాయి. అనుకూలమైన వేడి, తేమ ఉంటే కొన్ని రకాల బ్యాక్టీరియా సుమారు 20 నిమిషాలకే రెట్టింపవుతుంది. ఉదయం ఎనిమిదింటికి తాగి, మూత బిగించి, సంచిలో పెట్టిన కప్పును సాయంత్రం ఆరింటికి తెరిస్తే వచ్చే పులిసిన వాసన అదే. పాలు లేని నల్ల కాఫీ తాగేవారికి ఈ బెడద తక్కువే కానీ, చక్కెర వేసుకుంటే వారూ కప్పును ఎక్కువసేపు వదిలేయకూడదు.

'మరిగే కాఫీ పోస్తున్నాం కదా, సూక్ష్మజీవులు చావవా?' అని చాలామంది అడుగుతారు. ఆ నమ్మకం మీద ఆధారపడవద్దు. చల్లటి కప్పులో పడగానే కాఫీ వేడి తగ్గుతుంది. పైగా పెదవి ఆనే అంచుకు, మూత లోపలి భాగానికి, తాగే రంధ్రానికి ఆ వేడి సరిగా తగలనే తగలదు. స్టాఫిలోకాకస్ లాంటి కొన్ని బ్యాక్టీరియాలు వదిలే విషపదార్థాలు వేడిని తట్టుకుంటాయి. బ్యాక్టీరియా చచ్చినా, ఆ విషం మిగిలే ఉంటుంది. సబ్బుతో తోమి కడగాల్సిన పనిని కాఫీ వేడి చేసిపెట్టదు.

రెండోది నీరు. ఈ జిల్లాల్లో దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. 2022 జూలైలో రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో కలరా వచ్చి ప్రాణాలు పోయాయి. నీటితో వచ్చే జబ్బు అది. ఎంత మంచి కప్పునైనా కలుషితమైన నీటితో కడిగి, తడి ఆరకుండానే అందులో కాఫీ పోయించుకుంటే కడిగిన ఫలితం ఉండదు. వానాకాలంలో కోరాపుట్ కొండల మీద ఉతికిన బట్టలే రోజుల తరబడి ఆరవు. కప్పు మూత సందుల సంగతి వేరే చెప్పాలా? కడగడం సగం పని అయితే పూర్తిగా ఆరనివ్వడం మిగతా సగం.

మూడోది సందులు. నున్నటి, వెడల్పు నోరున్న, ఒకే ముక్కగా ఉన్న పాత్ర సులువుగా శుభ్రపడుతుంది. మరలు, రబ్బరు రింగులు, జరిపే తలుపు, గొట్టాలు ఎక్కువైన కొద్దీ పాలు చేరే చోట్లు పెరుగుతాయి, వేలు చేరని చోట్లూ పెరుగుతాయి.

నాలుగోది కాఫీ పోసే తీరు. ఇక్కడ మనం ఆలోచించాల్సింది మన ఒంటి గురించి కాదు, పక్కవారి గురించి. మన ఎంగిలి మనకు కొత్త జబ్బు తేదు. మన కప్పు అంచు యంత్రం కుళాయికి తగిలినా, పాలకు నురగ పట్టే ఆవిరి గొట్టాన్ని నేరుగా మన కప్పులో ముంచినా, మన పెదవులు ఆనిన చోటును పట్టుకున్న చేత్తోనే పనివారు తర్వాతి గ్లాసు అందించినా, అది అందరి సమస్య అవుతుంది. 2020 మార్చిలో కరోనా సమయంలో స్టార్‌బక్స్ అనే కాఫీ షాపుల సంస్థ సొంత కప్పులు తీసుకోవడాన్ని కొంతకాలం ఆపేసింది. అదే ఏడాది జూన్‌లో 18 దేశాలకు చెందిన వందమందికి పైగా శాస్త్రవేత్తలు, వైద్య నిపుణులు ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. మామూలు శుభ్రత పాటిస్తే తిరిగి వాడే కప్పులు, పాత్రలు సురక్షితమేనని ఆ ప్రకటన సారాంశం. తర్వాత చాలా షాపులు చేయి తగలకుండా పోసే పద్ధతితో వాటిని మళ్లీ అనుమతించాయి. 2024 జనవరిలో స్టార్‌బక్స్ అమెరికా, కెనడాల్లో కారులోంచే కొనుక్కునేవారికి, ఫోన్‌లో ఆర్డరు పెట్టేవారికి కూడా సొంత కప్పు వీలు కల్పించింది.

చేయి తగలకుండా పోయడం మనకేమీ కొత్త కాదు. టిఫిన్ హోటల్లో కాఫీ కలిపే మనిషిని ఒకసారి గమనించండి. లోటాలోంచి గ్లాసులోకి జానెడు ఎత్తు నుంచి ధార కడతాడు. ఒక పాత్ర అంచు ఇంకోదానికి తగలదు. అలాగే షాపులో కాఫీని వాళ్ల జగ్గులో కలిపి, బల్ల మీద మూత తీసి పెట్టిన మన కప్పులోకి పైనుంచి ధారగా పోస్తే ఎవరి చేయీ తగలదు, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఈ నాలుగింటికి తోడు చూడవలసింది కప్పు దేనితో చేశారన్నది. కప్పుల వారీగా చెప్పేటప్పుడు దాని సంగతి చూద్దాం.

ఒక్క చూపులో

| ఎంపిక | శుభ్రత ఎవరి చేతిలో | ప్రధానమైన చిక్కు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|
| కాగితం కప్పు | తయారీదారు, నిల్వ ఉంచిన షాపు | లోపలి ప్లాస్టిక్ పొర, చెత్త | కడిగే వీలు లేనివారు, సొంత గ్లాసు కుదరనప్పుడు రోగనిరోధక శక్తి తగ్గినవారు |
| షాపు స్టీలు, గాజు గ్లాసు | షాపు | బకెట్టులో ముంచి తీయడం | కూర్చుని తాగేవారు |
| మట్టి కప్పు | షాపు | లోపలి దుమ్ము, అన్నిచోట్లా దొరకకపోవడం | దొరికిన చోట ఎవరికైనా |
| సొంత స్టీలు గ్లాసు, మూత లేనిది | మీరు | ఒలకడం, త్వరగా చల్లారడం | అక్కడే తాగేసే రోజువారీవారు |
| సొంత మూత కప్పు, వేడి నిలిపేది | మీరు | మూత సందులు, గంటల తరబడి పాలు | ప్రయాణంలో తాగేవారు |
| సొంత మడత కప్పు | మీరు | ముడతల్లో జిడ్డు, వాసన | చోటు కరువైనవారు, అప్పుడప్పుడు |

కాగితం కప్పు

ఒకరు వాడిన కప్పు మరొకరికి రాదు కాబట్టి ఎంగిలి భయం లేదు. కానీ దాన్ని కాగితం అని పిలుస్తున్నా, లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. లేకపోతే కాఫీ నిలవదు. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఇలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు 15 నిమిషాలు ఉంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు నీటిలో కలుస్తాయి. వాటి వల్ల ఒంటికి ఎంత హాని అన్నది శాస్త్రం ఇంకా పూర్తిగా తేల్చలేదు. రోజుకు మూడు నాలుగు కప్పులు తాగేవారు మాత్రం దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు, స్ట్రాలు, పళ్లేల మీద నిషేధం ఉంది. కాగితం కప్పులు ఆ జాబితాలో లేకపోవడంతో ప్లాస్టిక్ కప్పు ఖాళీ చేసిన చోటును అవే ఆక్రమించాయి. అవి తప్పనప్పుడు కాఫీని అందులో నానబెట్టకుండా త్వరగా తాగేయండి. గల్లాపెట్టె పక్కన నోరు పైకి పెట్టి దుమ్ములో ఉంచిన దొంతర నుంచి కాకుండా, అట్టపెట్టెలోంచి తీసి ఇమ్మని అడగండి. ఆ దొంతరను విడదీయడానికి లోపలికి వేళ్లు పెడుతున్నారేమో చూడండి. కాగితం కప్పు శుభ్రత తరచుగా ఆ వేళ్ల దగ్గరే పోతుంది.

షాపు గ్లాసు

కూర్చుని తాగే తీరిక ఉంటే నా మొదటి ఓటు దీనికే. దీనికి షరతు గ్లాసులు కడిగే చోటు. కౌంటరు కింద రెండు బకెట్లుంటాయి. వాడిన గ్లాసును మొదటిదాంట్లో ముంచి, రెండోదాంట్లో తిప్పి, గుడ్డతో తుడిచి మళ్లీ వరసలో పెడతారు. ఉదయం ఏడింటికి తేటగా ఉన్న నీళ్లు తొమ్మిదింటికి పాలరంగులోకి తిరుగుతాయి. ఆ గుడ్డ కూడా పొద్దుటి నుంచి అదే. సొంత కప్పు శుభ్రమా అని అడిగేవారు ముందు ఈ బకెట్టు వైపు ఒకసారి చూడాలి.

పారే కొళాయి నీటి కింద సబ్బుతో కడిగి, బోర్లించి ఆరబెట్టి, ఇచ్చేముందు మరిగే నీళ్లు ఒక్కసారి తిప్పి పారబోసే హోటళ్లు కూడా ఉన్నాయి. పాత తెలుగు హోటళ్లలో ఇప్పటికీ గ్లాసులను వేడినీళ్ల గిన్నెలో వేసి ఉంచడం కనిపిస్తుంది. అలాంటి చోట స్టీలు గ్లాసును మించింది లేదు. మూత లేదు, సందు లేదు, చెత్త లేదు. వేడినీళ్లు తిప్పి ఇమ్మని మర్యాదగా అడిగితే కాదనేవారు అరుదు.

అంచు పగిలిన, చిట్లిన గాజు గ్లాసును మాత్రం తిప్పి పంపండి. పెదవి తెగుతుందన్న భయం ఒక్కటే కాదు, ఆ గీతలో పట్టిన మురికి ఎంత తోమినా వదలదు.

మట్టి కప్పు

రుచికీ నేలకూ మంచిది. 2004లో లాలూ ప్రసాద్ యాదవ్ రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు స్టేషన్లలో మట్టి కప్పుల్లో టీ ఇవ్వాలని ప్రయత్నించారు కానీ అది అంతటా నిలదొక్కుకోలేదు. మట్టి పీల్చుకుంటుంది కాబట్టి ఒకసారి వాడిన కప్పును కడిగి మళ్లీ వాడకూడదు. కాఫీ పోసేముందు లోపలి దుమ్ము పోయేలా వేడినీళ్లతో కడిగించుకుంటే చాలు.

సొంత కప్పు: ఏ రకం?

అసలు తికమక ఇక్కడే. అంగడిలో రంగురంగుల కప్పులు వరసగా నిలబడి ఉంటాయి. వాటిలో చాలావాటిని అమ్మేది మూత సొగసును చూపించి. శుభ్రతకు మొదటి శత్రువు ఆ మూతే.

*మామూలు స్టీలు గ్లాసు.* ఇంట్లో అలమారలో ఉన్నదే. ఖర్చు లేదు. వెడల్పు నోటితో అరచేయి లోపలికి పట్టేది ఎంచుకోండి, పీచుతో తోమితే మూల మూలకూ అందుతుంది. ఆహారపాత్రలకు వాడే 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. అది సులువుగా తుప్పు పట్టదు, వాసన పట్టదు. అంచు మడిచినది కాకుండా నున్నగా తీర్చినది మేలు. మడిచిన అంచు లోపల సన్నటి గాడి ఉంటుంది, పాలు అక్కడ చేరతాయి. బ్లీచింగు కలిపిన నీటిలో స్టీలును నానబెట్టవద్దు, చిన్న చిన్న గుంటలు పడతాయి. ఒక గుడ్డ సంచిలో వేసుకుని వెళ్లి, అక్కడే తాగి, ఆఫీసు కొళాయి దగ్గర కడిగేసుకునే ఉద్యోగికి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

*ఇత్తడి, రాగి.* ఈ మధ్య ఇత్తడి డబరా సెట్లు మళ్లీ ఫ్యాషన్ అయ్యాయి. లోపల కళాయి పూత చెక్కుచెదరకుండా ఉంటేనే పాల కాఫీకి వాడండి. కళాయి లేచిపోయి పసుపు లోహం కనిపిస్తే ఆ పాత్రను అలంకారానికి వదిలేయడం మంచిది.

*వేడి నిలిపే మూత కప్పు.* రాయగడ నుంచి విజయనగరం రైల్లో వెళ్లేవారికి, కొండదారి బస్సులో కూర్చునేవారికి ఇది సౌకర్యం. రెండు గోడల మధ్య గాలి తీసేసిన ఖాళీ ఉండటం వల్ల కాఫీ గంటల తరబడి వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనమే జాగ్రత్త పడవలసిన చోటు. పాల కాఫీ 60 డిగ్రీల కిందికి దిగి గోరువెచ్చగా గంటలు నిలిస్తే అది సూక్ష్మజీవులకు అనువైన వేడి. పాల కాఫీని రెండు గంటల్లోపు తాగేయండి. దూర ప్రయాణమైతే పాలు కలపని డికాక్షన్ పోయించుకుని, పాలు తాగేముందు కలుపుకోండి.

ఇలాంటి కప్పు కొనేముందు షాపులోనే మూత విప్పి చూడండి. కుక్కర్ గాస్కెట్ లాంటి సిలికాన్ రింగు చేత్తో ఊడి వస్తుందా? తాగే రంధ్రం మీది జరిగే తలుపు విడిపోతుందా? రాకపోతే, అది ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ఊడని రింగు కింద కొన్నాళ్లకు నల్లటి బూజు చుక్కలు కనిపిస్తాయి. వాడేవారు రింగును ప్రతి రాత్రీ తీసి సబ్బుతో కడిగి విడిగా ఆరబెట్టాలి. కప్పును మూత బిగించి దాచకూడదు. శుభ్రమైందో లేదో తేల్చుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. పూర్తిగా ఆరిన కప్పుకు రాత్రి మూత బిగించి, తెల్లారి తెరిచి వాసన చూడండి. పులుపు వాసన వస్తే పాలు ఎక్కడో దాగి ఉన్నట్టే. కాఫీ మరకలకు వేడినీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి అరగంట నానబెట్టి తోమితే పోతాయి. ఇలాంటి కప్పును పొయ్యి మీద మరిగించవద్దు, గోడల మధ్య ఖాళీ దెబ్బతింటుంది.

*మడత కప్పు.* సిలికాన్‌తో చేసినది, నొక్కితే అరచేతిలో ఇమిడిపోతుంది. ముడతల్లో పాల జిడ్డు పట్టి, సబ్బు వాసన కూడా ఉండిపోతుంది. అప్పుడప్పుడూ వాడేవారికి ఫర్వాలేదు. రోజువారీ వాడకానికి నేను సిఫారసు చేయను.

*'వెదురు' కప్పులు.* పర్యావరణానికి మేలని అమ్మే కొన్ని కప్పుల్లో వెదురు పొడిని కలిపి ఉంచేది మెలమైన్ ప్లాస్టిక్. వేడి పానీయాలు పోస్తే వీటి నుంచి ఫార్మాల్డిహైడ్, మెలమైన్ అనే రసాయనాలు కాఫీలోకి దిగవచ్చని జర్మనీ ప్రభుత్వ ప్రమాద అంచనా సంస్థ 2019లో హెచ్చరించింది. కాఫీకి వీటిని వాడవద్దు. నున్నగా మెరిసే మెలమైన్ కప్పులకూ ఇదే మాట.

మీ పరిస్థితికి ఏది?

రోజూ ఒకే షాపులో తాగి, దగ్గరలోనే కడిగే వీలున్నవారు సొంత స్టీలు గ్లాసు పెట్టుకోవచ్చు. షాపులో వేడినీళ్లతో కడిగే అలవాటు ఉంటే అది కూడా అక్కర్లేదు, వాళ్ల గ్లాసే చాలు.

బరంపురంలో హాస్టల్లో ఉండే విద్యార్థులకు చిక్కు వేరు. గదిలో కొళాయి ఉండదు, వాడిన కప్పు బల్ల మీద రాత్రంతా ఉండిపోతుంది. అలాంటివారు మూత కప్పు జోలికి పోకుండా గ్లాసు వాడండి. కడగడం కుదరకపోయినా తాగిన వెంటనే కాసిన్ని తాగునీళ్లు పోసి తిప్పి పారబోస్తే పాలు ఎండిపోకుండా ఉంటాయి. పూర్తిగా కడగడం రాత్రికి వాయిదా వేసినా అప్పుడు పని తేలికవుతుంది.

రైలు ప్రయాణికులు బోగీలోని వాష్‌బేసిన్ నీటితో కప్పు కడగవద్దు. అది తాగే నీరు కాదు. మీ సీసాలోని తాగునీటితో తిప్పి, శుభ్రమైన పొడి గుడ్డతో తుడవండి. ఒక ప్రయాణంలో ఒకసారికి మించి కాఫీ తాగేటట్టయితే రెండోసారికి కాగితం కప్పు తీసుకోవడంలో తప్పేమీ లేదు.

గర్భిణులు, పెద్ద వయసువారు, కీమోథెరపీ లాంటి చికిత్సలో ఉండి రోగనిరోధక శక్తి తగ్గినవారు ఇంట్లో మరిగించిన నీటితో కడిగిన సొంత గ్లాసు తీసుకెళ్లడం అన్నిటికన్నా మంచిది. అది కుదరని రోజు కొత్త కాగితం కప్పు. బకెట్టులో ముంచిన గ్లాసు మాత్రం వద్దు. వాంతులు, విరేచనాలు, జలుబు ఉన్న రోజు ఎవరైనా సరే సొంత కప్పును కౌంటరు మీద పెట్టకూడదు. ఆ రోజు ఇంట్లోనే కాఫీ కలుపుకోండి.

షాపు నడిపేవారికి

సొంత కప్పు తెచ్చినవారి నుంచి కప్పును చేతికి తీసుకోకండి, బల్ల మీద పెట్టమనండి. పాలకు నురగ మీ జగ్గులోనే పట్టండి, ఆవిరి గొట్టం వారి కప్పులోకి వెళ్లకూడదు. కొలతకు కూడా మీ కప్పే వాడండి, ఎక్కువ తక్కువల గొడవ ఉండదు. కళ్లకు మురికిగా కనిపించే కప్పును వద్దనే హక్కు మీకుంది. ఆ మాట నలుగురి ముందు కాకుండా మెల్లగా చెప్పండి, మీ గ్లాసులో పోసి ఇవ్వండి.

ఒక విషయం దగ్గర మాత్రం ఏ వెసులుబాటూ లేదు. తెలుగు పల్లెల్లో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. దళితులకు వేరే గ్లాసు ఉండేది, తాగాక దాన్ని వాళ్లే కడిగి పెట్టాలి. శుభ్రత పేరు చెప్పి కొందరిని మాత్రమే సొంత కప్పు తెచ్చుకోమనడం ఆ పద్ధతినే దొడ్డిదారిన తేవడం. హోటళ్లలో అందరి కోసం ఉంచిన పాత్రలను అంటరానితనం పేరుతో వాడుకోనివ్వకపోవడం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. సొంత కప్పు తెచ్చుకోవడం తాగేవారి ఇష్టంగానే ఉండాలి. తెచ్చుకోనివారికి అందరికీ ఇచ్చే గ్లాసే, అదే వరసలోంచి తీసి ఇవ్వాలి.

కౌంటరు దగ్గర ఎలా అడగాలి

కప్పు చేతికి అందించకుండా, మూత తీసి బల్ల మీద పెట్టి, 'అన్నా, ఇప్పుడే కడిగి తెచ్చాను. మీ జగ్గులోంచి ఇందులో పోస్తారా?' అంటే చాలు. రద్దీ వేళ కాకుండా కాస్త ఖాళీగా ఉన్నప్పుడు మొదటిసారి అడిగితే వాళ్లకూ పద్ధతి అర్థమవుతుంది, రెండోసారి నుంచి అడగకుండానే పోస్తారు. కాదంటే వాదించవద్దు. గ్లాసులో ఇమ్మని, వేడినీళ్లు ఒకసారి తిప్పమని అడిగి, అక్కడే కూర్చుని తాగండి.